డెబ్బై ఒక్క సెంటీమీటర్లు

నా ఉద్యోగం టేపు.
ఐదు మీటర్ల ఇనుప నాలుక,
లాగితే బయటికొస్తుంది, వదిలితే నోరు మూసుకుంటుంది.
కుతాయిసీ నగరపాలికలో దీనికి మూడు గదులు, ఒక కెటిల్,
"వీధి రూప విభాగం" అని తలుపు మీద ఒక బోర్డు.
ఆ బోర్డుని ఇంతవరకూ ఎవరూ కొలవలేదు.

నియమం చిన్నది.
గోడ నుంచి బయటికి అరవై సెంటీమీటర్లు, అంతే.
రంగు గోధుమ. లైట్లు మిణుకుమనకూడదు.
వీధి వీధంతా
ఒక తల్లి పిల్లల్లా కనబడాలి.

రియోని నది వైపు దిగే సందులో
జుంబర్ చెప్పులు కుట్టే కొట్టు,
దాని నెత్తిన ఒక రేకు బూటు.
ఆటో ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో
ఎలీకో అనే వెల్డరమ్మ
లారీ మడ్‌గార్డు కోసి అతికిందట దాన్ని,
ఊడిన మడమ వేయించుకుని, చేతిలో డబ్బుల్లేక.
ముప్పై తొమ్మిదేళ్ళ వానకి
తుప్పు పిక్కదాకా ఎక్కింది.

నిచ్చెన వేసి కొలిచాను.
డెబ్బై ఒకటి.
టేపు కాస్త వదులుగా పట్టి మళ్ళీ కొలిచాను.
డెబ్బై ఒకటే.

"పదకొండు ఎక్కువ," అన్నాను.
నోట్లో మేకులు తీయకుండానే అన్నాడు:
"కొలతని తిట్టనమ్మా.
పావు అంగుళం తేడాకి కాళ్ళు పుండ్లు పడ్డవాళ్ళే
నా ఇల్లు నడిపారు.
కానీ ఈ బూటు నీ వీధిని
ఎక్కడ కరిచిందో చెప్పు."

నోటీసు ఇచ్చాను. పధ్నాలుగు రోజులు.
చదివాడు, మడిచాడు,
ఎవరిదో ఎడమ బూటులో అట్టగా పెట్టాడు.

ఆ పధ్నాలుగు రోజులూ ఊరు కొలిచాను.
బేకరీ త్సియాలా పందిరి యాభై ఎనిమిది.
మందుల షాపు పచ్చ శిలువ మిణకడం మానింది,
రాత్రిపూట జ్వరాలు దాని ముందు నుంచే
దాటిపోయి వెనక్కొస్తున్నాయి.
పళ్ళ డాక్టరు గుమ్మం మీది పన్నుకి
గోధుమ రంగు వేశారు.
గోధుమ రంగు పన్ను!
నియమంలో రంగుంది, నవ్వు లేదు.
పెద్ద హోటల్ జెండా కర్ర మాత్రం మూడు మీటర్లు.
అది జెండా గనక బోర్డు కాదు అన్నారు మా పై అధికారి,
ఆయనకి ఆయన పైవాళ్ళు చెప్పాక.

అలాగని నియమం ఊరికే పుట్టలేదు.
నాలుగేళ్ళ కిందటి గాలివానకి
ఒక బీరు బోర్డు ఊడి మాగ్వలా టీచర్ భుజం మీద పడింది.
ఇవాళ్టికీ ఆమె సుద్దముక్క
నల్లబల్ల పై వరసకి అందదు.
నేను మర్చిపోయినా నా టేపు మర్చిపోదు.

పదిహేనో రోజు
సందు మలుపులోనే వినబడింది రంపం.
బూటు ముక్కు కోసేస్తున్నాడు.
పదకొండు, వెంట్రుకవాసి తేడా లేదు,
తోలు కోసిన చెయ్యి కదా.
కోసినచోట చీకటి.
చీకట్లోంచి ఐదు వేళ్ళు.
పాత చెక్క అచ్చులు చెక్కి చేశాడు,
గోళ్ళతో సహా,
బొటనవేలి పక్కన ఒక ఆనెకాయ కూడా.

కొలిచాను. అరవై.
బొటనవేలు గీతకి ఇవతలే ఆగింది,
తొక్కుడుబిళ్ళ ఆడే పిల్లలా.

"చలికాలం వస్తోందిగా," అన్నాను, ఏమనాలో తోచక.
"మేజోడు అల్లమన్నాను మా కోడల్ని.
గోధుమ రంగే, భయపడకు."

రిపోర్టులో మూడు గళ్ళు.
ఉల్లంఘన ఉంది. ఉల్లంఘన లేదు. ఇతరం.
ఇతరం పక్కన కారణం రాయడానికి
అర గీత జాగా.
పెన్ను మూత తీసి నిలబడ్డాను.

ఆయన బూటు చూడటం లేదు, నన్నూ చూడటం లేదు,
నా కాళ్ళు చూస్తున్నాడు.
"ఎడమ మడమ బయటి వైపు అరిగింది.
నిచ్చెనలెక్కేవాళ్ళకి అంతే.
నాలుగు మిల్లీమీటర్లు," అన్నాడు,
టేపు లేకుండా.
"విప్పు."

ఆఫీసు జీపు రెండుసార్లు హారన్ కొట్టింది.
ఆ ఐదు వేళ్ళ కింద
ఒంటికాలి మీద నిలబడే ఉన్నాను,
గోడకి చెయ్యి ఆనించి,
గళ్ళు ఖాళీగా.